తలా ఒక అధ్యాయం పంచుకోకండి: వైగాట్‌స్కీ సంప్రదాయం చరిత్రను కలిసి రాయడం గురించి

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. మీరు ఆరుగురు, ఉపాధ్యాయులకు శిక్షణనిచ్చే డైట్‌లలో, బీఎడ్ కాలేజీల్లో సైకాలజీ చెప్పేవాళ్ళు. టెట్ (ఉపాధ్యాయ అర్హత పరీక్ష) గైడ్లలో రెండు పేజీలకు కుదించిన సోవియట్ మనస్తత్వవేత్త వైగాట్‌స్కీతో సరిపెట్టుకోకుండా, ఆయనా ఆయన చుట్టూ ఉన్నవాళ్ళూ కలిసి నిలబెట్టిన ఆలోచనా సంప్రదాయం చరిత్రను తెలుగులో రాయాలనుకున్నారు. తలా ఒక అధ్యాయం పంచుకున్నారు. రెండు నెలలు తిరిగేసరికి ఒకరి తేదీలు ఇంకొకరి తేదీలతో కుదరడం లేదు. వైగాట్‌స్కీ సహచరుడు లూరియా గురించి ఇద్దరు రెండు రకాలుగా రాశారు. ఇప్పుడు "అంతా ఒకే గొంతుతో చెప్పినట్టు ఎలా తీసుకురావాలి?" అని అడుగుతున్నారు.

తీసుకురాకండి. మిగతా సమాధానమంతా ఎందుకు వద్దంటున్నానో, బదులుగా ఏం చేయవచ్చో చెప్పడానికే.

ఇరవై ఏళ్ళ కిందట నేను పనిచేసిన చోట సైకాలజీ విభాగానికి స్వర్ణోత్సవం వచ్చింది. ఏడుగురం కలిసి విభాగం చరిత్ర రాశాం, మీలాగే ముక్కలు పంచుకుని. చివర్లో భాష మీద పట్టున్న ఒకాయన అన్నీ ముందేసుకుని ఒకే శైలిలోకి దిద్దారు. చదవడానికి హాయిగా ఉంది. అచ్చయ్యాక తెలిసింది, ల్యాబ్ మొదలైన ఏడాది మూడు చిత్తుప్రతుల్లో మూడు రకాలుగా ఉంటే ఆయన ఒకటే ఉంచారని. ఏ ఆధారంతో ఉంచారండీ అంటే, "మధ్యది వేశాను" అన్నారు. నవ్వుకున్నాం. సంచిక పంచిన నెలకు పాత ల్యాబ్ అటెండర్ గారి కొడుకు వచ్చాడు. మా ల్యాబ్‌లో మిర్రర్ డ్రాయింగ్ పెట్టె, ఫింగర్ మేజ్ పలకలు, ఇంకా సగం సామాను వాళ్ళ నాన్న చేతులతో చేసినవే, వడ్రంగి పని తెలిసిన మనిషి. ఆ అబ్బాయి సంచిక మొదటి నుంచి చివరి దాకా తిరగేసి, "నాన్న పేరు ఎక్కడుందండీ?" అన్నాడు. లేదు. ఏడు చిత్తుప్రతుల్లో రెండింట్లో ఉంది. గొంతు ఒకటి చేసేటప్పుడు జారిపోయింది. అప్పుడు మాత్రం నవ్వు రాలేదు.

వైగాట్‌స్కీ విషయంలో ఇదే పెద్ద ఎత్తున, దశాబ్దాల పాటు జరిగింది. మీరు లూరియా దగ్గర తట్టుకోవడం కూడా అందుకే.

మీ ఇద్దరిలో ఒకరు రాసిన కథ ఇలా ఉండి ఉంటుంది. 1924 జనవరిలో పెట్రోగ్రాడ్‌లో మనస్తత్వ, నాడీ శాస్త్రాల మహాసభ జరిగింది. గోమెల్ అనే చిన్న ఊరి నుంచి వచ్చిన, ఎవరికీ తెలియని యువకుడు చేతిలో కాగితం లేకుండా అనర్గళంగా మాట్లాడాడు. అందరూ నివ్వెరపోయారు. మాస్కో సంస్థకు పిలిపించారు. అక్కడ వైగాట్‌స్కీ, లూరియా, లియోంతియెవ్ ముగ్గురూ ఒక 'త్రోయికా'గా ఏర్పడి, వారానికి ఒకటి రెండుసార్లు వైగాట్‌స్కీ ఇంట్లో కూర్చుని కొత్త మనస్తత్వశాస్త్రానికి పునాది వేశారు. తర్వాత ఐదుగురు విద్యార్థులు చేరి ఎనిమిది మంది అయ్యారు. చక్కని కథ. దీని మూలం చాలావరకు లూరియా ఆత్మకథ. అది ఇంగ్లీషులో వచ్చింది 1979లో, లూరియా పోయిన రెండేళ్ళకు. సంఘటనకూ అచ్చుకూ మధ్య 55 ఏళ్ళు. చెప్పినాయన ఆ ముగ్గురిలో ఒకడు.

ఇక రెండో ఆయన బహుశా ఈ కాలపు పరిశోధకుడు అంటోన్ యాస్నిట్‌స్కీ రాసినవి చదివి ఉంటారు. ఈయన ఉత్తరాలు, ప్రచురణలు, ఎవరు ఎవరితో కలిసి పనిచేశారన్న వివరాలు పోగేసి, త్రోయికా అనేది తర్వాత అల్లిన కథ అనీ, నిజానికి అది డజన్ల కొద్దీ మనుషుల వల అనీ, దానిలో చేరేవాళ్ళు, విడిపోయేవాళ్ళు ఎప్పుడూ ఉండేవారనీ వాదించాడు. ఒకరు చెప్పేది ఆ బల్ల దగ్గర కూర్చున్న మనిషి జ్ఞాపకం, ఇంకొకరిది దాదాపు 80 ఏళ్ళ తర్వాత దస్త్రాలు తిరగేసిన మనిషి లెక్క. వీటిని సర్ది ఒకే వాక్యం చేస్తే మా పెద్దాయన వేసిన "మధ్యది" అవుతుంది. లూరియా మాటను లూరియా పేరుతో, యాస్నిట్‌స్కీ మాటను యాస్నిట్‌స్కీ పేరుతో పక్కపక్కన ఉంచండి. లూరియా ఎందుకు అలా గుర్తుపెట్టుకున్నాడన్నది కూడా మీ చరిత్రలో భాగమే.

ఇంతకంటే ముదిరిన ఉదాహరణ ఉజ్బెకిస్తాన్. 1931, 1932 వేసవుల్లో లూరియా బృందాలు అక్కడి పల్లెలకు వెళ్ళి, చదువూ సామూహిక వ్యవసాయమూ వచ్చాక మనుషులు చూసే తీరు, ఆలోచించే తీరు మారుతుందా అని పరీక్షించాయి. దృష్టి భ్రమల బొమ్మలు చూపించారు. "ఉజ్బెకులకు భ్రమలు లేవు" అని లూరియా ఉత్సాహంగా వైగాట్‌స్కీకి టెలిగ్రాం కొట్టాడని అందరూ చెప్పుకునే కథ. రెండో యాత్రలో గెస్టాల్ట్ (విడి ముక్కలుగా కాక మొత్తం ఆకృతిగా చూస్తామనే) పంథా మనస్తత్వవేత్త కుర్ట్ కోఫ్కా కూడా ఉన్నాడు. జబ్బుపడి మధ్యలోనే వెనక్కి వచ్చేశాడు. కానీ ఉన్న కొన్నాళ్ళలో తను చేసిన పరీక్షల్లో వాళ్ళకూ భ్రమలు కలిగాయనే తేల్చాడు. ఒకే ప్రాంతం, రెండు తీర్పులు. లూరియా పుస్తకం రష్యన్‌లో వెలువడింది 1974లో, ఇంగ్లీషులో 1976లో. ఆ నలభై ఏళ్ళలో ఏం మారింది, ఏం ఉంచారు, ఏం వదిలారు అన్నది పుస్తకం మాత్రమే చదివితే తెలియదు. మీరు ఒకే గొంతు తెస్తే కోఫ్కా ఫుట్‌నోట్‌లో కూడా మిగలడు.

ఇప్పుడు పని పంపకం. అధ్యాయాల వారీ పంపకం ఈరోజే రద్దు చేసుకోండి. ఆధారాల వారీగా పంచుకోండి. ఒకరు లూరియా రాసినవీ చెప్పినవీ చూడాలి. ఒకరు వైగాట్‌స్కీ ఉత్తరాలు, నోటు పుస్తకాలు. కుటుంబం దగ్గర ఉన్న కాగితాల్లోంచి ఎకతెరీనా జావెర్ష్నెవా, రెనే వాన్ డెర్ వీర్ కలిసి పరిష్కరించిన ఎంపిక 2018లో ఇంగ్లీషులో వచ్చింది. ఒకరు కూతురు గీతా విగోద్‌స్కయా వైపు నుంచి వచ్చిన జీవిత కథనం. ఒకరు అమెరికా కొస, అంటే అక్కడి మనస్తత్వవేత్త మైకేల్ కోల్ చుట్టూ పెరిగిన సంప్రదాయం. ఒకరు ఖండించేవాళ్ళనూ తిరగరాసేవాళ్ళనూ చదవాలి. ఆరో మనిషికి అన్నింటికంటే కష్టమైన పని: అనువాదాల తేడాలు. ప్రతి ఆధారాన్నీ ఇద్దరు చదవాలి, ఒకరు మొదట, ఒకరు సరిచూడటానికి.

చదివినదాన్ని పేరాలుగా రాయకండి. చీటీలుగా రాయండి, గూగుల్ షీట్‌లో అయినా, అట్టముక్కల మీదైనా. ఒక్కో చీటీకి ఒక్కటే మాట. దాని పక్కన: ఎవరన్నారు, ఎప్పుడన్నారు, ఏ ఏడాది గురించి అన్నారు, ఏ పుస్తకం ఏ పేజీ, మీలో ఎవరు రాసుకున్నారు, ఏ చీటీతో పేచీ ఉంది. 'ఎప్పుడన్నారు', 'ఏ ఏడాది గురించి' అనే రెండు గళ్ళు విడిగా ఉండటం చిన్న విషయంలా కనబడుతుంది. మీ తేదీల గొడవలో సగం ఇక్కడే తీరుతుంది. ఉదాహరణకు 'మనస్తత్వశాస్త్ర సంక్షోభం' మీద వైగాట్‌స్కీ పెద్ద రచన రాసింది 1926–27లో, మొదటిసారి అచ్చయింది 1982లో. మీలో ఒకరు దాన్ని మొదటి దశలో పెట్టి, ఇంకొకరు 1980లలో అది రేపిన చర్చలో పెడితే ఇద్దరూ ఒప్పే.

'ఆలోచన, వాక్కు' పుస్తకమైతే మరీను. అది 1934లో, ఆయన క్షయతో పోయిన తర్వాత వచ్చింది. జూన్ 11న పోయేనాటికి ఆయనకు 37 ఏళ్ళు. చివరి రోజుల్లో కూర్చుని ఏకబిగిన రాసిన గ్రంథమని అనుకుంటాం కానీ లోపల అధ్యాయాలు వేర్వేరు ఏళ్ళవి. స్విస్ మనస్తత్వవేత్త పియాజే మీద ఉన్నది పియాజే పుస్తకపు రష్యన్ అనువాదానికి రాసిన ముందుమాట. జర్మన్ మనస్తత్వవేత్త స్టెర్న్ మీద ఉన్నది అంతకుముందే అచ్చయిన వ్యాసం. మొదటి, చివరి అధ్యాయాలు మాత్రం ఆ ఆఖరి నెలలవి. దాని నుంచి "1934 నాటికి వైగాట్‌స్కీ ఇలా అనుకున్నాడు" అని ఒక్క వాక్యం తీస్తే, నాలుగైదేళ్ళు మారుతూ వచ్చిన మనిషిని ఒకే ఫొటోలో బిగించినట్టవుతుంది.

ఆ పుస్తకం తర్వాత పడ్డ పాట్లు ఇంకో చరిత్ర. 1936 జులై 4న సోవియట్ కమ్యూనిస్టు పార్టీ కేంద్ర కమిటీ 'పెడాలజీ'ని, అంటే పిల్లల వికాసాన్ని అన్ని వైపుల నుంచీ చదివే శాస్త్రాన్ని, ఖండిస్తూ తీర్మానం చేసింది. 1956లో పుస్తకం మళ్ళీ వచ్చేటప్పుడు, 1982లో ఆరు సంపుటాల్లో భాగంగా వచ్చేటప్పుడు సంపాదకులు మాటలు మార్చారు, కొన్ని పేర్లూ ఉటంకింపులూ తీసేశారు. ఇంగ్లీషులో 1962లో వచ్చినది బాగా కత్తిరించిన ప్రతి. పూర్తి అనువాదం దగ్గరికి రావడానికి 1987 దాకా ఆగాల్సి వచ్చింది. 1978 నాటి 'సమాజంలో మనసు' మరో రకం. నలుగురు సంపాదకులు వేర్వేరు రచనల నుంచి ఏరి, కుదించి, కూర్చిన పుస్తకం. ఆ మాట వాళ్ళే ముందుమాటలో నిజాయితీగా చెప్పుకున్నారు. కానీ ముందుమాట ఎవరు చదువుతారు? మన గైడ్లలో 'వైగాట్‌స్కీ 1978' అని పడుతుంది, ఆయన పోయిన 44 ఏళ్ళకు లేచి వచ్చి రాసినట్టు.

మనకు ఇది కొత్తేం కాదు. బ్రౌన్ దొర వేమన పద్యాలకు ఊరూరి నుంచి రాతప్రతులు తెప్పించి, పండితులను కూర్చోబెట్టి పక్కపక్కన పెట్టి చూపించాడు. 1829లో వేసి ఊరుకోకుండా 1839లో మళ్ళీ వేశాడు. పాఠాంతరం అనే మాట మన పెద్దలకు ఉగ్గుపాలతో వచ్చింది. వైగాట్‌స్కీ చేతికి వచ్చేసరికి ఆ అలవాటు ఎందుకు వదిలేస్తామో నాకు తెలియదు. తెల్లకాగితం మీద అచ్చులో ఉంటే మూలం అనుకుంటామేమో.

'స్కాఫోల్డింగ్', అంటే నేర్చుకునేవాళ్ళకు అవసరమైనంత సాయం ఇచ్చి క్రమంగా తగ్గించడం, గురించి తప్పకుండా ఒక చీటీ రాయండి. టెట్ కోచింగ్ మొత్తం దాన్ని వైగాట్‌స్కీ భావనగా చెప్తుంది. మేస్త్రీల పరంజాతో పోల్చిన ఆ మాటను పిల్లలకు నేర్పే సందర్భంలో ప్రచారంలోకి తెచ్చింది 1976లో వుడ్, బ్రూనర్, రాస్ రాసిన వ్యాసం. తర్వాత దాన్ని వైగాట్‌స్కీ చెప్పిన సామీప్య వికాస మండలం (పిల్లవాడు ఒంటరిగా చేయగలిగేదానికీ సాయంతో చేయగలిగేదానికీ మధ్య దూరం) పక్కన చేర్చి ఇద్దరికీ పెళ్ళి చేశారు. ఊరూపేరూ లేని చాటువు శ్రీనాథుడి ఖాతాలో పడ్డట్టు, ఇది వైగాట్‌స్కీ ఖాతాలో పడింది. "తప్పు" అని కొట్టేయకండి. ఎప్పుడు, ఎవరి చేతుల మీదుగా ఖాతా మారిందో రాయండి. మీ పాఠకుల్లో ఎక్కువమంది టెట్ రాసేవాళ్ళే కాబట్టి పుస్తకంలో అందరూ చదివే పేజీ అదే అవుతుంది.

ఖాతా ఇంకో వైపుకూ మారుతుంది, అక్కడే మా అటెండర్ గారు నాకు గుర్తొస్తారు. 'వైగాట్‌స్కీ దిమ్మెలు' అని ఒక పరీక్ష ఉంది. రంగు, ఆకారం, ఎత్తు, వైశాల్యం వేర్వేరుగా ఉన్న 22 చెక్క ముక్కలు. అడుగున లగ్, బిక్, మూర్, సెవ్ అని అర్థంలేని మాటలు రాసి ఉంటాయి. ఒక ముక్క తిప్పి చూపించి, ఈ పేరు గలవన్నీ ఏరమంటారు. ఎలా ఏరుతున్నారో చూస్తే భావన ఎలా కట్టుకుంటున్నారో తెలుస్తుంది. ఈ పరీక్షను జర్మన్ శాస్త్రవేత్త ఆఖ్ పద్ధతి నుంచి మలిచింది లియొనిద్ సఖారోవ్ అనే యువకుడు. 1928లో పోయాడు. పని ఆగిపోకుండా కోతెలోవా, పష్కోవ్‌స్కయా అనే ఇద్దరితో కలిసి వైగాట్‌స్కీ ముగించాడు. ఈ పేర్లన్నీ ఆయనే తన పుస్తకంలో చెప్పాడు, దాచలేదు. ఆ తర్వాత అమెరికాలో యూజీనియా హాన్‌ఫ్‌మన్, కసానిన్ కలిసి స్కిజోఫ్రీనియా రోగుల మీద ఆ దిమ్మెలను వాడారు. 1942లో పుస్తకం వేశారు. ఆ హాన్‌ఫ్‌మనే ఇరవై ఏళ్ళ తర్వాత 1962 అనువాదకుల్లో ఒకరు. అంటే ఇంగ్లీషు ప్రపంచానికి వైగాట్‌స్కీ పుస్తకం కంటే ముందు చేరింది సఖారోవ్ చెక్కముక్కలు. దాని మీద పేరు మాత్రం వైగాట్‌స్కీది.

అలాగే ఆ ఐదుగురు విద్యార్థులు: బొఝోవిచ్, లెవినా, మొరొజోవా, స్లావినా, జపొరోజెత్స్. ఆఖరి ఒక్కరే మగవాడు. ప్రయోగాలు నడిపింది, పిల్లలతో గంటల తరబడి కూర్చుంది ఎక్కువగా ఆ ఆడవాళ్ళే. బెర్లిన్‌లో మనస్తత్వవేత్త కుర్ట్ లెవిన్ దగ్గర పని చేసి 1931లో మాస్కో వచ్చిన బ్లూమా జైగార్నిక్ కూడా ఈ వలలో ఉంది. మన పుస్తకాల్లో ఆమె 'పూర్తికాని పనులు ఎక్కువ గుర్తుంటాయి' అనే ఒక్క ముక్కగా వేరే పాఠంలో కనిపిస్తుంది, ఈ సంప్రదాయంలో మనిషిగా కాదు. పేర్ల కోసం ఒక విడి షీట్ పెట్టుకోండి. వైగాట్‌స్కీ కాని ప్రతి పేరుకూ అందులో ఒక వరస.

పేర్లంటే గుర్తొచ్చింది, వర్ణక్రమం. పుట్టుకతో ఆయన ఇంటిపేరు విగోద్‌స్కీ, మధ్యలో 'ద'. తనే 'త' చేసుకున్నాడు. కూతురు 'ద'తోనే రాసుకుంది. తెలుగులో వైగాట్‌స్కీ, వైగోట్‌స్కీ, వైగోట్స్కి, విగోత్‌స్కీ అన్నీ ఉన్నాయి. రష్యన్ ఉచ్చారణకు చివరిది దగ్గర. అయినా నేను ఇక్కడ మొదటిదే రాశాను, మీ విద్యార్థులు వెతికేది అదే కనుక. మీరు ఒకటి ఎంచుకుని మిగతావన్నీ సూచికలో దానికి ముడిపెట్టండి. దీని మీద ఒక పూట మించి వాదించుకోవద్దు.

నిషేధం గురించి జాగ్రత్త. "ఇరవై ఏళ్ళు వైగాట్‌స్కీ పేరెత్తితే నేరం" అనే కథ మనకు రుచిస్తుంది. 1936 తీర్మానం నిజం. దాని దెబ్బకు పెడాలజీ పేరున్న పుస్తకాలు మూలపడ్డాయి. కానీ ఆ రెండు దశాబ్దాల్లోనూ సోవియట్ రచనల్లో ఆయన పేరు, ప్రస్తావనలు కనిపిస్తూనే ఉన్నాయని తర్వాత పరిశోధకులు చూపించి, ఈ 'బలి' కథనాన్నే ప్రశ్నించారు. మీ ఆరుగురిలో దీని మీద పేచీ తప్పదు. అక్కడ ఓటింగు పెట్టకండి. ఏ రచన ఏ ఏడాది ఎక్కడ ప్రస్తావించబడిందో చీటీలు పోగయ్యేదాకా ఆ పేజీ ఖాళీగా ఉంచండి.

వైగాట్‌స్కీకీ లియోంతియెవ్‌కీ చివర్లో చెడిందా అన్నదీ అంతే. 1930ల మొదట్లో లియోంతియెవ్, జపొరోజెత్స్, బొఝోవిచ్ ఖార్కోవ్ వెళ్ళారు. అక్కడి పని వేరే దారి పట్టింది. అది తెగతెంపులా, పనిలో సహజంగా వచ్చిన దూరమా అన్నదానికి కుటుంబాలు చెప్పేది ఒకటి, బయటివాళ్ళు చెప్పేది ఇంకొకటి. కుటుంబాల మాటను తేలిగ్గా తీసేయకండి, వాళ్ళు దాచకపోతే కాగితాలే ఉండేవి కావు. అలాగని వాళ్ళ మాటే తుది మాట అనీ అనుకోకండి.

మీరు అడగని ప్రశ్న ఒకటి: మన దగ్గర బతికున్న సాక్షులు. మన డైట్‌లలో, బీఎడ్‌లలో వైగాట్‌స్కీ సిలబస్‌లోకి వచ్చిన తొలి రోజుల్లో పాఠం చెప్పినవాళ్ళు, తెలుగు పాఠ్యపుస్తకంలో ఆ పారిభాషిక పదాలు పెట్టినవాళ్ళు ఇంకా ఉన్నారు. సంప్రదాయం తెలుగులోకి వచ్చిన ఆ చివరి అంకం మీరు తప్ప ప్రపంచంలో ఎవరూ రాయలేరు. వాళ్ళ దగ్గరికి ఇద్దరిద్దరుగా వెళ్ళండి. "వైగాట్‌స్కీ గురించి మీ అభిప్రాయం?" అని అడిగితే ఉపన్యాసం వస్తుంది. "ఆ పదం ఎవరు సూచించారు సార్? కమిటీలో ఎవరెవరు కూర్చున్నారు? వద్దన్న పదాలేమిటి?" అని అడగండి. పాత నోట్సు, ప్రశ్నపత్రాలు ఉన్నాయేమో చూడమనండి. కాగితం చేతిలోకి వచ్చాక జ్ఞాపకం దారిన పడుతుంది. రికార్డింగు రాతలోకి తెచ్చాక వాళ్ళకు చూపించి, తీసేయమన్నది తీసేయండి, ముందే ఆ మాట ఇచ్చి సంతకం తీసుకోండి. ఇతరుల మీద నిందలుంటే అచ్చుకు ముందు ఆరుగురూ చదవాలి.

రష్యన్ లేకుండా ఇదంతా చేయగలమా అంటారేమో. పూర్తిగా చేయలేరు. హైదరాబాద్‌లో ఇఫ్లూలో (ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం) రష్యన్ చదువుకున్నవాళ్ళు దొరుకుతారు. ఒకరిని ఏడో మనిషిగా చేర్చుకోండి, అనువాదకుడిగా పక్కన కూర్చోబెట్టడం కాదు, పేరు అట్ట మీద వేసి. పుస్తకం మొత్తం అక్కర్లేదు, పేచీ ఉన్న వాక్యాలు చూసి పెడితే చాలు.

మొదటి సమావేశానికి ఒక్కటే పని పెట్టుకోండి. ఆయన రచనల్లో అడుగడుగునా వచ్చే 'అబుచేనియే' అనే రష్యన్ మాట. 1978 పుస్తకంలో అది 'నేర్చుకోవడం' అయింది, ఇంకో అనువాదంలో 'బోధన' అయింది. రష్యన్‌లో అది రెండూ, ఒకరు నేర్పడం, ఒకరు నేర్చుకోవడం ఒకే పనిగా. మన పాఠ్యపుస్తకాలు ఇంగ్లీషు వెంట వెళ్ళి 'అభ్యసనం' అన్నాయి. దాంతో వికాసానికి ముందు నడిచేది పిల్లవాడి సొంత శ్రమ ఒక్కటే అన్నట్టు ధ్వనించింది, టీచరు మాయమైపోయింది. ఇంగ్లీషు దగ్గర ఆ రెండింటికీ కలిపి మాట లేదు. మన దగ్గర ఉంది: చదువు. చదువు చెప్తాం, చదువు నేర్చుకుంటాం. నాకు ఆ మాట సరిపోతుందనే అనిపిస్తుంది. మీ ఆరుగురికీ అనిపిస్తుందన్న నమ్మకం లేదు. ఎవరు ఏమన్నారో, తేదీ వేసి, తొలి చీటీగా అదే రాసుకోండి.